ఆమె పేరు మీద ఒక పడక

రాత్రి పదకొండు దాటాక కర్నూలు బస్టాండులో హైదరాబాదు బస్సులు ఆగే చోట కాసేపు నిలబడి చూడండి. స్కానింగు ఫిల్ముల కవరు, సద్దిమూట, తలకు గుడ్డ చుట్టుకున్న ఓ ఆడమనిషి, ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టి తాను నడవ వైపు సర్దుకునే ఇంటాయన... ఇలాంటి జంట తరచుగా కనబడుతుంది. "యాటికి పోతాండారు?" అని పక్క సీటాయన అడిగితే, "కరెంటు పెట్టిచ్చుకునేకి" అని జవాబు. రేడియేషన్ చికిత్సకు పల్లెల్లో పేరదే. జబ్బు పేరు మాత్రం చెప్పరు. ఆ మాట నోటికి రావడానికి మనసొప్పదు.

కడప వైపు వాళ్ల దారులు వేరు. కొందరు తిరుపతికి, కొందరు వేలూరుకు, ఇంకొందరు మద్రాసులోని అడయారుకు. కర్నూలు వాళ్లకు మాత్రం 210 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదే దగ్గర. తెల్లారి బస్సు దిగి, ఆటో ఎక్కి వాళ్లలో చాలామంది చెప్పే మాట ఒక్కటే...

"బసవతారకం."

ఆసుపత్రి పూర్తి పేరు చాలా పొడుగు. ఇండో అమెరికన్ అనీ, రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ అనీ ఇంకా చాలా ఉంది. అదంతా ఎవరూ పలకరు. క్యాన్సర్‌తో కన్నుమూసిన ఓ ఇల్లాలి పేరు మాత్రం రోజూ కొన్ని వందల నోళ్లలో నలుగుతుంది. ఆమె ఎవరో తెలియని నోళ్లలో కూడా!

చూడకుండానే పోయారు

బసవతారకం ఎన్టీ రామారావుకు మేనమామ కూతురు. 1942లో పెళ్లయింది. అప్పటికాయన సినిమా హీరో కాదు, కాలేజీ కుర్రాడు. పన్నెండు మంది పిల్లల్ని కని పెంచి, భర్త వెండితెర దేవుడైనా, ముఖ్యమంత్రి అయినా ఆమె ఇంటి గడప దాటి జనంలోకి వచ్చింది తక్కువ. 2019లో వచ్చిన 'ఎన్టీఆర్ కథానాయకుడు' సినిమాలో విద్యాబాలన్ ఆ పాత్ర వేసేదాకా కొత్తతరానికి ఆమె ముఖమే తెలియదంటే తప్పు లేదు.

1984 ఆగస్టులో రామారావు పదవి పోయింది, సెప్టెంబరులో తిరిగి వచ్చింది. 1985 మార్చిలో మళ్లీ ఎన్నికలు. మన సీమలోని హిందూపురం నుంచి ఆయన మొదటిసారి గెలిచింది అప్పుడే. అదే 1985లో బసవతారకం క్యాన్సర్‌తో పోయారు. రాష్ట్రాన్ని గెలిచిన మనిషి ఇంట్లో ఓడిపోయాడు. డబ్బుందనీ, పలుకుబడి ఉందనీ ఆ జబ్బు ఊరుకోలేదు.

రామారావుకు జోలె పట్టడం కొత్త కాదు. 1952లో రాయలసీమ కరవుకు నిధులు పోగు చేసిన మనిషి, 1977లో దివిసీమ ఉప్పెనప్పుడు వీధుల్లో తిరిగిన మనిషి. ఈసారి భార్య పేరు మీద క్యాన్సర్ ఫౌండేషన్ పెట్టారు. అమెరికాలో స్థిరపడిన తెలుగు డాక్టర్లను కదిలించారు. వాళ్లు తమ వంతుగా అక్కడ ఒక సంస్థ పెట్టుకుని డబ్బూ, సాంకేతిక సాయం తెచ్చారు. ఆసుపత్రి పేరులో 'ఇండో అమెరికన్' చేరింది అందుకే.

ఇంత చేసినా, అనుకున్న వెంటనే అయిందా? కాలేదు. ఆసుపత్రి తలుపులు తెరుచుకున్నది 2000 జూన్ 22న. ప్రధాని వాజ్‌పేయి వచ్చి ప్రారంభించారు. ఆమె పోయిన పదిహేనేళ్లకన్నమాట. రామారావు 1996 జనవరి 18న కన్నుమూశారు. భార్య పేరు రాసిన ఆ బోర్డు కింద రోగులు నడిచి వెళ్లడం ఆయన చూడలేదు. ఇప్పుడక్కడ 500కు పైగా పడకలున్నాయి.

ముఖ్యమంత్రిగా చేసిన మనిషి సంకల్పానికే పదిహేనేళ్లు పట్టింది. ఎంత డబ్బున్నవాడికైనా ఇంతేనా అని అనుమానం వస్తే, అంతకు యాభై ఏళ్ల ముందటి సంగతి చూడాలి.

టాటాల పెద్దకొడుకు దొరాబ్జీ టాటా భార్య మెహర్‌బాయి. మైసూరు సంస్థానంలో విద్యాధికారిగా పనిచేసిన భాభా గారమ్మాయి. చీర కట్టుకుని టెన్నిస్ ఆడిన మనిషి. బాల్యవివాహాలను అరికట్టే శారదా చట్టం కోసం గట్టిగా మాట్లాడిన మనిషి. 1931 జూన్‌లో ఇంగ్లండు పక్కనున్న వేల్స్‌లో లుకేమియాతో, అంటే రక్తక్యాన్సర్‌తో చనిపోయారు. పిల్లలు లేరు. దొరాబ్జీకి మిగిలింది ఆస్తీ, ఆమె నగలూ. 1932లో ఆమె పేరు మీద లుకేమియా పరిశోధనకు ఒక ట్రస్టు పెట్టారు. మిగతా ఆస్తి దాదాపు మొత్తం ఇంకో ట్రస్టుకు రాశారు. ఆ జూన్‌లోనే, ఇంగ్లండులో ఉన్న ఆమె సమాధిని చూడడానికి బయల్దేరి, దారిలో జర్మనీలో ప్రాణం వదిలారు. ఆమె పోయి అప్పటికి ఏడాది కూడా నిండలేదు.

ఆమె మెడలో వేసుకున్న వజ్రం ఒకటుండేది. జూబిలీ వజ్రం అంటారు, 245 కేరట్లు. ఇప్పుడు బ్రిటన్ కిరీటంలో ఉన్న కోహినూరుకు రెండింతలకు పైన! తొలకరి చినుకు పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వంగి వంగి వజ్రాలు వెతికే కర్నూలు జనానికి దాని విలువ వేరే చెప్పనక్కర్లేదు. దొరాబ్జీ తర్వాత దాన్ని అమ్మేశారు. ఆ సొమ్మూ ధర్మనిధికే పోయింది.

బొంబాయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1941 ఫిబ్రవరి 28న మొదలైంది. దొరాబ్జీ పోయిన తొమ్మిదేళ్లకు. 1962లో దాన్ని అణుశక్తి శాఖ కిందికి తెచ్చారు. ఆ శాఖను అప్పుడు నడుపుతున్నది హోమీ భాభా. మెహర్‌బాయి ఆయనకు స్వయానా మేనత్త. విశాఖ దగ్గర అగనంపూడిలో ఉన్న టాటా మెమోరియల్ వారి క్యాన్సర్ ఆసుపత్రి పేరు హోమీ భాభా ఆసుపత్రి. ఒక ఇంటి దుఃఖం ఎన్ని ఊళ్లు తిరిగిందో చూడండి.

మన సీమకూ వచ్చింది. తిరుపతిలో టీటీడీ ఇచ్చిన 25 ఎకరాల్లో టాటా ట్రస్టులు కట్టిన క్యాన్సర్ ఆసుపత్రికి 2018 ఆగస్టు 31న రతన్ టాటా సమక్షంలో శంకుస్థాపన జరిగింది. 2022 మే 5న మొదలైంది. కట్టింది ఏ సంస్థ పేరున అంటే... అలమేలు చారిటబుల్ ఫౌండేషన్. వెంకన్న దేవేరి పేరు! కడప నుంచి అక్కడికి 140 కిలోమీటర్లు. పొద్దున బస్సెక్కితే డాక్టరును చూపించుకుని రాత్రికి ఇల్లు చేరొచ్చు.

బార్శీ అనే ఊరు

పెద్దవాళ్ల సంగతి సరే. కర్నూలులోనో, ప్రొద్దుటూరులోనో ఓ రిటైరైన మేష్టారు భార్య పోయింది. గ్రాట్యుటీ డబ్బులో కొంత మిగిలింది. ఆమె పేరు మీద ఏదో ఒకటి చేయాలని ఉంది. ఆయనేం చేయాలి?

ఈ ప్రశ్నకు జవాబు హైదరాబాదులో కంటే, బొంబాయిలో కంటే, బార్శీలో బాగా దొరుకుతుంది. మహారాష్ట్రలో షోలాపూర్ జిల్లా. ఇక్కడిలాగే వానలు మొహం చాటేసే దక్కను మెట్ట, జొన్న చేలు. చూడ్డానికి మన ఆదోని, ఎమ్మిగనూరుల్లాంటి ఊరు. అక్కడ నర్గీస్ దత్ పేరు మీద ఓ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

నర్గీస్ కథ ఇంటింటికీ తెలిసిందే. 'మదర్ ఇండియా' నాయిక. 1981 మే 3న పాంక్రియాస్ క్యాన్సర్‌తో పోయారు. కొడుకు సంజయ్ మొదటి సినిమా 'రాకీ' విడుదలకు అయిదు రోజుల ముందు. న్యూయార్క్‌లో వైద్యం చేయించినా దక్కలేదు. భర్త సునీల్ దత్ అదే ఏడాది ఆమె పేరు మీద ఫౌండేషన్ పెట్టారు. మరుసటి ఏడాది లుకేమియా మీద 'దర్ద్ కా రిశ్తా' అనే సినిమా తీసి దాని రాబడిని క్యాన్సర్ రోగులకు ఇచ్చారు.

బార్శీ ఆసుపత్రి మాత్రం ఓ స్థానిక గ్రామీణ సంస్థ నడిపేది. 1982లో మొదలైంది. పల్లెల్లో ఎవరికి ఏ క్యాన్సర్ వస్తోందో లెక్కరాసే పుస్తకం, అంటే క్యాన్సర్ రిజిస్ట్రీ, దేశంలో మొదటిసారి గ్రామీణ ప్రాంతంలో పెట్టింది అక్కడే. 1987లో. లెక్క రాసేవాళ్లు కుర్చీల్లో కూర్చోలేదు. ఊరూరా తిరిగారు. ఆడవాళ్లతో కూర్చుని, "నెలసరి ఆగిపోయాక రక్తం కనబడితే, కాపురంలో రక్తం కనబడితే దాచిపెట్టుకోవద్దు తల్లీ, వచ్చి చూపించుకో" అని చెప్పారు. అంతే! యంత్రాలు రాలేదు, కొత్త మందు రాలేదు. కొన్నేళ్లకు ఆ పల్లెల నుంచి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో వచ్చేవాళ్లు ముదరకముందే రావడం ఎక్కువైంది.

ఆ తర్వాత ఇంకా పెద్ద పని జరిగింది. 1999లో మొదలుపెట్టి పక్కనున్న ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో, 30 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న 1,31,746 మంది ఆడవాళ్లతో ఓ పరిశోధన చేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ ఉందో లేదో జీవితంలో ఒక్కసారి పరీక్ష చేసి, ఉన్నవాళ్లకు వైద్యం చేస్తే ఏమవుతుందో చూశారు. ఎనిమిదేళ్లు వెంటపడి లెక్కగడితే, ఆ పరీక్ష జరిగిన పల్లెల్లో ఈ క్యాన్సర్ చావులు దాదాపు సగానికి తగ్గాయని తేలింది. 2009లో అది అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. ఇప్పుడు ప్రపంచమంతా హెచ్‌పీవీ పరీక్ష గురించి మాట్లాడుతున్నదంటే, ఆ మాటకు బలమిచ్చిన పల్లెల్లో అవి ముఖ్యమైనవి.

ఓ సినిమా తార పేరు పెట్టుకున్న జొన్నచేల ఆసుపత్రి ఆ పనికి ఇరుసయింది. మేష్టారు గమనించాల్సింది, వాళ్లు మొదట చేసింది భవనం మీద భవనం లేపడం కాదు, గడపగడపకూ నడవడం.

నీళ్లు తక్కువ, ఆయకట్టు ఎక్కువ

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు కట్ట మీద 1369 నాటి శాసనం ఒకటుంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు చెబుతుంది. ఆ దోషాల్లో ఒకటి... నీళ్లు తక్కువై తడపాల్సిన నేల ఎక్కువ కావడం. ఆరున్నర శతాబ్దాల కిందటి ఆ మాట, జ్ఞాపకార్థం సంస్థ పెట్టాలనుకునే ప్రతి ఒక్కరూ గోడకు రాసుకోవచ్చు. ఇలాంటి సంస్థలు మునిగేది ఎక్కువగా ఇక్కడే. ఉన్నది ఏడెనిమిది లక్షలు, రాసుకున్న ఆశయాలు ఇరవై రెండు. మొదటి వర్ధంతికి శిబిరం, ఫొటోలు, శాలువాలు. రెండో వర్ధంతికి శాలువాలు మాత్రమే.

రేడియేషన్ యంత్రం కొనాలంటే కోట్ల మాట. దానికి అణుశక్తి నియంత్రణ బోర్డు అనుమతి, మందపాటి గోడలు, మెడికల్ ఫిజిసిస్టు కావాలి. అది ప్రభుత్వాలకూ, టాటాలకూ వదిలేయడం మంచిది. కర్నూలు వైద్య కళాశాలకు కేంద్రం రాష్ట్ర క్యాన్సర్ సంస్థను మంజూరు చేసింది కూడా, 120 కోట్ల అంచనాతో. చికిత్స ఖర్చులో పెద్ద వాటా, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం భరిస్తోంది.

మరి మిగిలిందేమిటి? చాలా ఉంది.

కరెంటు పెట్టడం ఒక్క రోజు పని కాదు. వారానికి అయిదు రోజులు, చాలామందికి అయిదు నుంచి ఏడు వారాలు. నిలబెట్టేది పది నిమిషాలు, మిగతా రోజంతా ఎదురుచూపు. బుడ్డల చేను వదిలి వచ్చిన మొగుడు ఆ నెలన్నర ఎక్కడ పడుకుంటాడు? ఏం తింటాడు? కూలి పోయిందని ఇరవై రోజులకే భార్యను తీసుకుని ఇంటికెళ్లిపోతే పెట్టించుకున్న కరెంటూ వృథాయే. వైద్యం సగంలో మానేయడానికి మందు లేకపోవడం ఒక్కటే కారణం కాదు, పడక లేకపోవడమూ కారణమే. ఆసుపత్రిలో పడక కాదు... తోడు వచ్చినవాడికి ఓ పడక. హైదరాబాదులోనో తిరుపతిలోనో ఆసుపత్రికి దగ్గర్లో రెండు గదులు అద్దెకు తీసుకుని, సీమ నుంచి వచ్చినవాళ్లకు నెలన్నర ఉండనిస్తే మేష్టారి డబ్బుకు తగ్గ ఆయకట్టు అవుతుంది.

రైలు సంగతి ఇంకోటి. చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపరులోనూ, థర్డ్ ఏసీలోనూ చార్జీ పూర్తిగా మాఫీ. తోడు వెళ్లే మనిషికి నూటికి 75 వంతులు రాయితీ. ఆసుపత్రి డాక్టరు ఫారం మీద సంతకం చేసి ముద్ర వేస్తే చాలు. ఈ సంగతి తెలియక అప్పు చేసి టికెట్టు కొనేవాళ్లకు ఆ ఒక్క ఫారం నింపిపెట్టడం చిన్న సాయం కాదు.

నొప్పి గురించి కూడా చెప్పాలి. నయం కాని దశలో ఇంటికి పంపేసిన మనిషికి కావలసింది నొప్పి తగ్గడం. నోటితో మింగే మార్ఫిన్ మాత్రలు పెద్ద ఖరీదైనవి కావు. అయితే అవి మత్తుపదార్థాల చట్టం కింద ఉండడంతో చాలాకాలం దొరకడమే కష్టమైంది. 2014లో చట్టం సవరించాక గుర్తింపు పొందిన వైద్యసంస్థలు వాటిని ఉంచుకోవడం తేలికైంది. ఊళ్లో ఒక డాక్టరును, ఒక నర్సును ఒప్పించి వారానికోసారి ఇళ్లకు పంపగలిగితే, ఆ ఇంటివాళ్లు రాత్రిపూట కాస్త కన్ను మూస్తారు. తన భార్య ఆఖరి నెలల్లో ఎలా మూలిగిందో గుర్తున్న మేష్టారికి దీని విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక కాగితాల పని. ట్రస్టు పెట్టాలంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు రాయించాలి. సొసైటీ అయితే 2001 నాటి రాష్ట్ర చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఏడుగురూ ఇంటివాళ్లే కాకుండా చూసుకోవడం మేలు. లెక్క అడిగేవాడు ఒక్కడైనా బయటివాడు ఉండాలి. దాతకు పన్ను మినహాయింపు దక్కాలంటే ఆదాయపు పన్ను శాఖలో నమోదు చేయించాలి, ఏటా ఆడిటు చేయించాలి. అమెరికా కొడుకు ఇంకా భారత పౌరుడే అయితే తన సంపాదన నుంచి పంపొచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం అది విదేశీ విరాళం కింద లెక్క. 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కింద అనుమతి లేకుండా ఒక్క డాలరు తీసుకున్నా చిక్కే. ఆ అనుమతికి మామూలుగా సంస్థ మూడేళ్లు పనిచేసి చూపించాలి. ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ శాఖలో ఖాతా తెరవాలి. కొడుకు పంపే డబ్బు మీద ఆశపెట్టుకుని మొదలుపెట్టేవాళ్లు ఈ ముక్క ముందే తెలుసుకోవడం మంచిది.

ఇంకో మాట. ఇప్పటిదాకా చెప్పుకున్నవన్నీ భార్యల పేర్లే. భర్త పేరు మీద భార్య పెట్టిన సంస్థలు ఎందుకు అంతగా వినబడవు? ప్రేమ తక్కువై కాదు. ఆయన వైద్యానికి చేను అమ్మాక, పుస్తెలతాడు కుదవపెట్టాక ఆమె చేతిలో మిగిలేది అప్పు నోటు. పొలం పాసుపుస్తకంలో ఆమె పేరే ఉండదు. అయినా ఆమెకు తెలిసిన విద్య ఒకటుంది. ఏ కౌంటరులో ఏ కాగితం ఇవ్వాలి, ఏ లైనులో ఎన్నింటికి నిలబడాలి, వాంతులైతే ఏం తినిపించాలి... రెండేళ్లు తిరిగి నేర్చుకున్న చదువది. ఏ సంస్థ అయినా మొదట జీతమిచ్చి పెట్టుకోవాల్సింది ఆమెనే.

సీమలో పోయినవాళ్ల పేరు మీద నీళ్లివ్వడం పాత అలవాటు. ఎండలు ముదరగానే కర్నూలు, కడప వీధుల్లో చలివేంద్రాలు వెలుస్తాయి. కొబ్బరాకుల పందిరి, తడిగుడ్డ చుట్టిన కుండలు, పైన ఫలానా వారి జ్ఞాపకార్థం అని గుడ్డ మీద రాసిన అక్షరాలు. బస్టాండు దగ్గరి పందిరి కింద కుండల పక్కనే ఓ చిన్న బల్ల వేయొచ్చు. బల్ల మీద రైలు రాయితీ ఫారాల కట్ట, హైదరాబాదులో, తిరుపతిలో తక్కువకు గది దొరికే చోట్ల ఫోన్ నంబర్లున్న కాగితం, ముప్ఫై దాటిన ఆడవాళ్లు ఉచితంగా పరీక్ష చేయించుకునే ఆసుపత్రి చిరునామా. చలివేంద్రంలా సాయంత్రానికే కట్టేయకుండా, హైదరాబాదు ఆఖరి బస్సు కదిలేదాకా అక్కడ ఎవరో ఒకరు కూర్చోవాలి.